మందిరపు రంగుటద్దాలు – పగిలినవి, నిలిచినవి



1864వ సంవత్సరం అక్టోబరు 5న కలకత్తా మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. హుగ్లీ నదిలోకి సముద్రం ఎదురెక్కింది. దాదాపు 60,000 మంది చనిపోయారని లెక్కలు చెబుతున్నాయి. ఆ గాలికి అక్కడి సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లోని పెద్ద కిటికీ రంగుటద్దాలు పగిలి నేలరాలాయి. నెల తిరగకుండానే, నవంబరు 1 రాత్రి, మన బందరు మీదికి ఇంకొక తుఫాను వచ్చింది. ఉప్పెన మైళ్ళకొద్దీ లోపలికి వచ్చి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయింది. పోయినవారు సుమారు 30,000 మంది. మిషనరీ షార్కీ గారి కుటుంబం నడిపిన బాలికల పాఠశాలలోని పిల్లలు కూడా ఆ రాత్రి నీటిపాలయ్యారు. 1841లో బందరుకు వచ్చి బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ గారు ఆ విధ్వంసమంతా కళ్ళారా చూసి, మరుసటి సంవత్సరమే ప్రభువునందు నిద్రించారు.

ఈసారి మందిరాల రంగుటద్దాల గురించి, వాటిని బాగుచేసే పని గురించి రాయాలనుకున్నాను. అయినా మొదట ఈ రెండు తుఫానుల సంగతి చెప్పాను. ప్రాణాలు పోయినచోట అద్దాల గొడవ ఏమిటని మీలో కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. దాన్ని పక్కన పెట్టకుండానే ముందుకు వెళదాం.

కలకత్తా వారు తమ ఆలయాన్ని అలాగే వదిలేయలేదు. 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి లార్డ్ మేయో జ్ఞాపకార్థం 1880లో పడమటి గోడకు కొత్త కిటికీ వచ్చింది. దాని బొమ్మ గీసింది ఎడ్వర్డ్ బర్న్-జోన్స్, అద్దం చేసింది విలియం మారిస్ కంపెనీ. ఆ పనిలో ఆ కాలంలో వారికి మించినవారు లేరు. 1912 డిసెంబరు 29న మన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందింది ఆ ఆలయంలోనే. కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా తరువాత ఆయన డోర్నకల్ డయాసిస్‌లోకి వచ్చాయి. మన తాతలు, ముత్తాతలు ఎందరో ఆయన చేతులమీదుగా నిర్ధారణ పొందినవారే. అంత గొప్ప కిటికీ ఉన్న ఆలయంలో అభిషేకం పొందిన మనిషి డోర్నకల్‌లో తాను మందిరం కట్టించేటప్పుడు ఇంగ్లండు నమూనా తీసుకోలేదు. గుమ్మటాలతో, మన మండపాలలో ఉండేలాంటి స్తంభాలతో కట్టించారు. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. కాబట్టి రంగుటద్దం ఉంటేనే మందిరం అని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఉన్నదాన్ని ఏం చేయాలన్నదే మన ముందున్న మాట.

తెలుగు నేలమీద రంగుటద్దాలనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మెదక్. మనలో చాలామంది బస్సు కట్టుకుని వెళ్ళి చూసివచ్చినవారే. అందుకని కట్టడం సంగతి క్లుప్తంగా చెబుతాను. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు 1914లో పని మొదలుపెట్టించారు. అది కరువు కాలం. ఊరికే గంజి పోయడం కాకుండా, పని ఇచ్చి తిండి పెట్టాలన్నది ఆయన ఆలోచన. పదేళ్ళపాటు వేలమంది కూలీలు రాళ్ళు మోశారు, సున్నం నూరారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. 5,000 మంది కూర్చోగలరు. ప్రాణాల ముందు అద్దం ఎంత అన్న ప్రశ్నకు మెదక్ చెప్పే జవాబు ఒకటి ఇక్కడ ఉంది. అక్కడ మొదట వచ్చింది అన్నం. గోడలు ఆ అన్నంతో లేచాయి. అద్దాలు చాలా వెనక వచ్చాయి.

ఎంత వెనకంటే, ప్రతిష్ఠ అయిన మూడేళ్ళకు, 1927లో, బలిపీఠం వెనుక ఆరోహణ కిటికీ అమర్చారు. క్రీస్తు జనన దృశ్యం ఉన్న కిటికీ 1947లో వచ్చింది. సిలువ కిటికీ 1958లో వచ్చింది. ఈ వరుస చూస్తే నాకు ఎప్పుడూ ఒక విషయం తడుతుంది. సువార్తలలో మొదట జననం, తరువాత సిలువ, చివర ఆరోహణం. మెదక్ గోడలమీద మాత్రం ఆరోహణం మొదట, సిలువ చివర. ఒక తరం వారు ఆరోహణ కిటికీ ఒక్కదాన్నే చూస్తూ ఆరాధించి, మిగతా రెండూ చూడకుండానే వెళ్ళిపోయారు. జనన కిటికీ వచ్చిన 1947లోనే దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. సిలువ కిటికీ వచ్చేసరికి తెల్లదొరలు లేరు, నిజాము లేడు, ఆఖరికి హైదరాబాద్ రాష్ట్రమే లేదు. 1939లో పదవీ విరమణ చేసిన పాస్నెట్ గారు 1950లోనే కన్నుమూశారు.

ఈ మూడు కిటికీలకూ రూపం ఇచ్చింది ఒకే మనిషి, ఫ్రాంక్ సాలిస్‌బరీ. 1874లో పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో అన్నగారి రంగుటద్దాల పనిశాలలో పనివాడుగా చేరాడు. తరువాత రాజులను, అమెరికా అధ్యక్షులను చిత్రించేంత పేరు సంపాదించాడు. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకాన్ని పెద్ద పటంగా వేసింది ఆయనే. ఇంత పేరున్న చిత్రకారుడు కరువు సీమలోని మెదక్‌కు పని చేయడానికి ఒక కారణం కనబడుతుంది. ఆయన కూడా మెథడిస్టు విశ్వాసే. మొదటి కిటికీ నాటికి ఆయనకు 52 ఏళ్ళు, మూడోది అమర్చేనాటికి 83. 1962లో చనిపోయాడు.

మెదక్ వెళ్ళినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. పగలు లోపల నిలబడితేనే ఆ బొమ్మలు కనబడతాయి. బయటి నుంచి చూస్తే నల్లటి అద్దం, అడ్డదిడ్డంగా గీతలు. చీకటి పడ్డాక లోపలి నుంచి చూసినా అంతే. గోడ మీద వేసిన బొమ్మ వెలుగును తిప్పి పంపుతుంది. ఈ బొమ్మ వెలుగును తనలోంచి పోనిస్తుంది.

ఆ నల్ల గీతలే ఈ వ్యాసానికి అసలు విషయం.

రంగుటద్దాల కిటికీ అంటే పెద్ద అద్దం మీద రంగులు పూసినది అనుకుంటారు చాలామంది. అది కాదు. గాజు కరిగేటప్పుడే అందులో లోహాలు కలుపుతారు. కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఎరుపో ఆకుపచ్చో, మాంగనీసు కలిపితే ఊదా. అలా చేసిన రంగు పలకలను బొమ్మ ప్రకారం ముక్కలుగా కోస్తారు. యేసు వస్త్రం ఒక ముక్క, ఆకాశం పది ముక్కలు, రెక్క ఆరు ముక్కలు. ముఖంలో కళ్ళు, గడ్డం, వస్త్రపు మడతలు మాత్రం ఇనుప భస్మం, గాజుపొడి కలిపిన నల్లరంగుతో గీసి బట్టీలో కాలుస్తారు. 600 డిగ్రీలు దాటిన వేడిలో ఆ రంగు గాజుతో కలిసిపోతుంది. వెండి లవణం పూసి కాలిస్తే బంగారు పసుపు వస్తుంది. దేవదూతల జుట్టుకు, కిరీటాలకు వాడేది ఎక్కువగా అదే. ఇంగ్లీషువారు ఈ కిటికీలను మరకపడిన గాజు అనే అర్థం వచ్చే పేరుతో పిలవడానికి ఆ వెండి మరకే కారణమని చెబుతారు.

ఇక ఈ ముక్కలను కలిపి ఉంచేది సీసం. రెండు వైపులా గాడి ఉన్న సన్నని సీసపు పట్టీలను ముక్కల చుట్టూ వంచి, కలిసేచోట టంకం పెడతారు. గాడిలో సందు లేకుండా సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పం దట్టిస్తారు. అలా తయారైన పలకలను గోడలో నిలబెట్టి, అడ్డంగా ఇనుప చువ్వలు వేసి, రాగి తీగలతో చువ్వలకు కడతారు. గాజు, సీసం, టంకం, లప్పం, ఇనుము. మన ఊళ్ళో కంసాలికి గానీ వడ్రంగికి గానీ వీటిలో తెలియని వస్తువు లేదు.

వీటిలో ముందు పాడయ్యేది ఏది? పగిలేది గాజు కాబట్టి గాజే అనుకుంటాం. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ పట్టణపు పెద్ద దేవాలయంలో మోషే, దావీదు, దానియేలు, హోషేయ మొదలైనవారి రూపాలున్న అద్దాలు సుమారు తొమ్మిది వందల ఏళ్ళుగా ఉన్నాయి. గాజు అంతకాలం ఉంటుంది. సీసం ఉండదు. సీసం మెత్తటి లోహం. ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా సాగి ముడుచుకుని టంకం పక్కన సన్నగా చిట్లుతుంది. లప్పం ఎండి రాలిపోతుంది. వాన లోపలికి దిగుతుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న రాతిని పగలగొడుతుంది. కట్టు వదులైన పలక నెమ్మదిగా కడుపు ఉబ్బినట్టు ముందుకు వంగుతుంది. అప్పుడు గాలి వస్తే పగిలేది గాజే, కానీ తప్పు గాజుది కాదు. సీసపు కట్టు సుమారు నూరేళ్ళు ఉంటుందని ఈ పనివాళ్ళ అనుభవం. వాతావరణాన్ని బట్టి కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ. మన కొల్లేటి గాలి సంగతి మీకు చెప్పాలా? ఏడాదిలో సగం రోజులు గోడ చెమ్మ ఆరదు, చువ్వలకు రంగు వేసిన మూడో ఏటికే తుప్పు బుడగలు.

నూరేళ్ళు అంటే ఒక మనిషి జీవితం కంటే ఎక్కువ. అందుకే ఇది మరుపున పడే పని. కిటికీ పెట్టినవారెవరూ దాన్ని విప్పి మళ్ళీ కట్టే రోజుకు ఉండరు. బాగుచేయాల్సినవారికి అది ఎప్పుడు కట్టారో తెలియదు. మెదక్‌లోని ఆరోహణ కిటికీకి 2027తో నూరేళ్ళు నిండుతాయి.

సీసం పని సమయానికి చేస్తే ఏం జరుగుతుందో ఇంగ్లండులోని యార్క్ పట్టణం చూపించింది. 1984 జూలై 9 తెల్లవారుజామున అక్కడి యార్క్ మిన్‌స్టర్ దక్షిణ భాగానికి నిప్పంటుకుంది. పిడుగు పడి ఉంటుందని తేల్చారు. పైకప్పు మొత్తం కూలింది. ఆ వైపు గోడలో గుండ్రని గులాబి కిటికీ ఉంది. ఆ వేడికి దాని ఏడు వేల గాజు ముక్కలు సుమారు 40,000 చోట్ల చిట్లాయి. అయినా కిటికీ కింద పడలేదు. కొన్నేళ్ళ ముందే దాని పాత సీసం తీసి కొత్త సీసం కట్టి ఉన్నారు. ఆ కట్టు వదలలేదు. చిట్లిన ముక్కలను ఒక్కటీ పారేయకుండా, పారదర్శకమైన జిగురుతో రెండు సన్నటి మామూలు అద్దాల మధ్య అతికి, మళ్ళీ అదే స్థానంలో పెట్టారు. కిటికీ ఈరోజుకీ అక్కడే ఉంది. అగ్నిప్రమాదం వస్తుందని అనుకుని ఆ సీసం పని చేయించలేదు ఎవరూ. చేయాల్సిన ఏడు వచ్చింది, చేయించారు.

అదే ఆలయంలో తూర్పు కిటికీ ఇంకా పెద్దది, ఇంచుమించు ఒక టెన్నిస్ కోర్టంత. 1405లో జాన్ థోర్న్‌టన్ అనే పనివాడు మూడేళ్ళలో పూర్తిచేస్తానని 56 పౌండ్లకు ఒప్పుకున్నాడు. 1408లో ముగించాడు. ఆదికాండపు సృష్టి దగ్గర మొదలై ప్రకటన గ్రంథం దాకా ఉంటుంది బొమ్మల వరుస. చదువురాని రైతు తలెత్తి చూస్తే బైబిలు ఆది అంతాలు కనబడాలని. మొన్న మొన్న దీన్ని 311 పలకలుగా విప్పి బాగుచేశారు. 2018లో చివరి పలక మళ్ళీ గోడ ఎక్కింది. థోర్న్‌టన్ మూడేళ్ళలో చేసిన కిటికీని బాగుచేయడానికి పదేళ్ళకు పైగా పట్టింది. కొత్తగా చేయడం కంటే పాతదాన్ని కాపాడడం నిదానమైన పని.

ఎందుకంత నిదానమో వారి పద్ధతి చూస్తే తెలుస్తుంది. మొదట కిటికీ ఉన్నచోటనే ప్రతి పలకకు ఫోటో తీసి నంబరు వేస్తారు. కిందికి దించి బల్లమీద పరిచాక దానిమీద కాగితం వేసి మైనపు బొగ్గుతో రుద్దుతారు. చిన్నప్పుడు మనం రూపాయి బిళ్ళమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే సింహాల బొమ్మ వచ్చేది గుర్తుందా, అలాగే సీసపు గీతలన్నీ కాగితం మీదికి వస్తాయి. ఏ ముక్క ఎక్కడిదో ఆ కాగితమే చెబుతుంది. తరువాత పాత సీసం విప్పి, ముక్కలను మెత్తటి కుంచెతో, తడిపిన దూదితో కొద్దికొద్దిగా శుభ్రం చేస్తారు. నల్లగీత వదులుగా ఉంటే అక్కడ దూది కూడా తాకించరు. చిట్లిన ముక్కను మారుస్తారా అంటే మార్చరు. అంచుకు అంచు కలిపి అతుకుతారు. పూర్తిగా పోయిన ముక్కకు మాత్రమే కొత్త గాజు కోసి, పాత రంగుకు కలిసేలా గీసి కాలుస్తారు. అందులోనూ ఒక నిజాయితీ ఉంది. కొత్త ముక్క మూలన చిన్నగా సంవత్సరం వేస్తారు. తరువాత వచ్చేవాడు దాన్ని పాతది అనుకుని మోసపోకూడదు. సీసం బాగా ఉన్నచోట దాన్ని కూడా విప్పరు. చేసినది ఏదైనా రేపు ఇంకొకరు విప్పుకోగలిగేలా ఉండాలన్నది వారి నియమం. చివరగా బయటివైపు గాలి ఆడే సందు వదిలి మామూలు అద్దం ఒకటి అడ్డంగా పెడతారు. వానదెబ్బ, రాయిదెబ్బ అది కాస్తుంది.

ఈ పని తెలిసినవారు మన దేశంలోనే ఉన్నారు. ముంబై విశ్వవిద్యాలయపు రాజాబాయి టవర్‌లోని రంగుటద్దాలను స్వాతి చంద్‌గడ్కర్ గారు బాగుచేశారు. 1878లో పూర్తయిన ఆ కట్టడం మరమ్మతు అయి 2015లో మళ్ళీ తెరుచుకుంది.

తుఫాను, నిప్పు, తుప్పు గురించి చెప్పాను. అన్నిటికంటే ఎక్కువ అద్దాలు పగలగొట్టినవారి గురించి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. అది మనబోటి వాళ్ళే. 1640లలో ఇంగ్లండులో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు, విగ్రహాలు ఉండకూడదన్న ఆజ్ఞ పట్టుకుని మందిరాల్లో అద్దాలు పగలగొట్టారు. కాంటర్‌బరీలో రిచర్డ్ కల్మర్ అనే బోధకుడు పొడవాటి బల్లెం పట్టుకుని, ఎత్తైన నిచ్చెన ఎక్కి, తానే స్వయంగా కిటికీ పొడిచాడు. ఆ పని చేసినందుకు సిగ్గుపడలేదు, దాని గురించి తానే రాసుకున్నాడు. యార్క్‌లో అలా జరగలేదు. 1644లో ఆ పట్టణం లొంగిపోయినప్పుడు ముట్టడించిన సేనాపతి థామస్ ఫెయిర్‌ఫాక్స్ కూడా పార్లమెంటు పక్షంవాడే, అంటే కల్మర్ పక్షమే. ఆలయానికి హాని చేయకూడదని అతడు సైనికులను అడ్డుకున్నాడు. ఆయన సొంత ప్రాంతం అది. నేను పైన చెప్పిన తూర్పు కిటికీ మనకు మిగలడానికి ఆయన కూడా ఒక కారణం.

అద్దం మీద బొమ్మ విగ్రహం కాదా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. యౌవనస్థులు మరీ గట్టిగా అడుగుతారు. దానికి మొక్కినవాడికి అది విగ్రహమే, కాదనను. కానీ మన సంఘాల్లో నేను చూసినంతవరకు రంగుటద్దానికి దండం పెట్టినవారు లేరు. ఆ వెలుగు పడినచోట కూర్చోవాలని పోటీపడే చిన్నపిల్లలను మాత్రం చూశాను. కల్మర్ ఆజ్ఞను తప్పుగా చదివాడని నేను అనడం లేదు. పగలగొట్టడమే ఆజ్ఞను పాటించడం అనుకున్నాడు. అక్కడ నేను ఆయనతో కలవను.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. ముదినేపల్లి, కైకలూరు, ఏలూరు చుట్టుపక్కల మెదక్ లాంటి కిటికీలు లేవు, నిజమే. కానీ పాతకాలపు మందిరాల్లో, బంగళాల్లో, పెంకుటింటి మండువాల్లో తలుపుల పైన అర్ధచంద్రంలా చెక్క చట్రం, అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు అద్దాలు మీరందరూ చూసినవే. వీటిలో సీసం ఉండదు. టేకు చట్రంలో గాజు పెట్టి, సన్న మేకులు కొట్టి, లప్పం పట్టిస్తారు. అందువల్ల వీటిని బాగుచేయడం చాలా తేలిక. చెదలు పట్టిన చట్రాన్ని ఊళ్ళో మంచి వడ్రంగి అదే కొలతకు చేయగలడు. ఆ గాజు మాత్రం మళ్ళీ దొరకడం కష్టం. పాత గాజులో చిన్న చిన్న బుడగలు, నీటి అలలాంటి వంకరలు ఉంటాయి. ఎండ దానిగుండా వచ్చినప్పుడు నేలమీద రంగు కొద్దిగా కదులుతున్నట్టు ఉంటుంది. ఇప్పటి గాజు సమంగా ఉంటుంది, ఆ కదలిక రాదు.

మన ప్రాంతంలో పాత మందిరాలు పడగొట్టి కొత్తవి కట్టడం ఎక్కువైంది. సంఘం పెరిగింది, స్థలం చాలదు, పైకప్పు కారుతోంది. వీటిని నేను తక్కువ చేయను. వానలో తడుస్తూ ఆరాధించమని ఎవరికీ చెప్పలేం. కానీ పడగొట్టే రోజున ప్రొక్లెయినర్ వచ్చాక ఆలోచించడానికి ఏమీ మిగలదు. చట్రాలు కట్టెల కింద పోతాయి, గాజు మట్టిలో పోతుంది. తరువాత కొత్త మందిరానికి అల్యూమినియం కిటికీలు పెట్టి, వాటిమీద రంగు బొమ్మల స్టిక్కరు అంటిస్తారు. మన ఎండకు ఆ స్టిక్కరు కొన్నాళ్ళకే వెలిసి అంచులు లేస్తుంది.

రెండవ రాజుల గ్రంథం పన్నెండవ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. యోవాషు రాజు మందిరంలో శిథిలమైనచోట్లు బాగుచేయమని యాజకులకు చెప్పాడు. డబ్బు వస్తూనే ఉంది. రాజు ఏలుబడిలో ఇరవై మూడో ఏడు వచ్చినా పని జరగలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జం చేసి బలిపీఠం దగ్గర పెట్టాడు. ఆ డబ్బు వడ్రంగులకు, కాసెపనివారికి, రాళ్ళు కొట్టేవారికి ఇచ్చారు. ఆ అధ్యాయంలో నన్ను ఆపే మాటలు రెండు. ఆ డబ్బుతో వెండి పాత్రలు గానీ బూరలు గానీ చేయించలేదు, మరమ్మతుకే వాడారు. మన కమిటీల్లో కొత్త మైకు సెట్టుకు దొరికినంత తేలికగా పాత కిటికీకి చందా దొరకదని మీకూ తెలుసు. రెండోది, పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదు. యాజకుల చేతిలో ఇరవై మూడేళ్ళు ఆగిన పని పనివాళ్ళ చేతిలో సాగింది. కాపరిగా ఆ అధ్యాయం నాకు కొంచెం గుచ్చుకునేదే.

ఇంత చెప్పాక చేయదగిన పనులు కొన్ని చెబుతాను. మీ ఊరి మందిరంలో రంగుటద్దాలుంటే, సీసం కట్టుదైనా చెక్క చట్రానిదైనా, యాసిడ్‌తో గానీ బాత్రూము కడిగే ద్రావకాలతో గానీ ఎప్పుడూ కడగకండి. పండుగ ముందు శుభ్రం చేసే యౌవనస్థులకు ఈ మాట ముందే చెప్పండి. మెత్తటి గుడ్డ, మంచినీళ్ళు చాలు. గాజు మీద గీసిన బొమ్మ ఉంటే గుడ్డ కూడా వద్దు. సీసపు కట్టు ఉన్న పలకను వేలితో చాలా మెల్లగా తాకి చూడండి. కదిలితే, గలగలమంటే, లేక పక్కనుంచి చూసినప్పుడు కడుపు ఉబ్బినట్టు కనబడితే, దాన్ని నొక్కి సరిచేయడానికి ప్రయత్నించకుండా పని తెలిసినవారికి చూపించండి. రాలిపడిన ముక్కలు ఊడ్చి పారేయకండి. గుడ్డలో చుట్టి, ఏ కిటికీవో చీటీ రాసి పెట్టెలో పెట్టండి. సీసం విషం. తుప్పులా తెల్లపొడి లేచిన పట్టీలను తాకితే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. మందిరం పడగొట్టక తప్పని పరిస్థితి అయితే, పని మొదలవడానికి ఒక వారం ముందే వడ్రంగిని పిలిచి చట్రాలను చట్రాలుగానే తీయించి, నిలువుగా ఆనించి దాచండి. గాజు పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే పగులుతుంది. కొత్త మందిరంలో గుమ్మం పైన ఒక్క చట్రానికి చోటు వదలమని మేస్త్రికి ప్లాను గీసే రోజునే చెప్పాలి. గోడ లేచాక చెబితే వినడు.

పెద్దవాళ్ళు ఉండగానే అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ అద్దాలు ఏ కాలంలో పెట్టారు, ఎవరు తెచ్చారు, ఏ వడ్రంగి చేశాడు అన్నది రాసుకోండి. తొంభై ఏళ్ళ అవ్వకు గుర్తున్నంతే రాయండి, చాలు. ఎండ బాగా ఉన్న ఉదయం పూట ఫోనుతో రెండు ఫోటోలు తీయండి. లోపల నిలబడి తీసినదాంట్లో రంగులు తెలుస్తాయి. బయటి నుంచి తీసినదాంట్లో లప్పం ఎక్కడ రాలిందో, చట్రం ఎక్కడ వదిలిందో తెలుస్తుంది. రెండింటి వెనకా తేదీ, ఊరి పేరు రాసి మినిట్స్ పుస్తకంలో అంటించండి.